కారెక్కని పిల్ల

వినుత ఫోన్ చేసినప్పుడు నేను పెరట్లో బంగుడ చేపలు కోస్తున్నాను. రెండు చేతులూ నీచు. "మీరే మాట్లాడండి" అని కేకేశాను. మా ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని "సరేనమ్మా, అలాగేనమ్మా" అని అయిదారుసార్లు అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ అనకుండా విని, పెట్టేసి, నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"దీపావళి సెలవులకి పిల్లల్ని తీసుకుని వస్తుందట. ఐదు రోజులుంటుందట."

"మంచిదే కదా. మొహం అలా పెట్టారేం?"

"ఒక్కటే షరతు పెట్టింది. కారు వద్దట. స్టేషనుకి కూడా పంపొద్దంది. పెద్దపిల్ల ధృతి కారెక్కదట. ఆ యాక్సిడెంటు అయినప్పట్నుంచీ కారు తలుపు తీస్తే చాలు, వణికిపోతుందట."

వినుత మా ఆయన అక్క కూతురు. అక్క పోయి ఎనిమిదేళ్ళు. తల్లిలేని పిల్లకి మేనమామ ఇల్లే పుట్టిల్లు కాబట్టి, బొంబాయి నుంచి వస్తే ఆ పిల్ల మా ఇంటికే వస్తుంది. రెండేళ్ళ క్రితం వానాకాలంలో లోనావళా నుంచి తిరిగొస్తుంటే వాళ్ళ కారు డివైడరుకి కొట్టుకుంది. వెనక సీట్లో ఉన్న పిల్లలిద్దరికీ ఏమీ కాలేదు. అల్లుడు నితేశ్‌కి తుంటి ఎముక విరిగి నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. ఇప్పుడు చేతికర్రతో ఆఫీసుకి వెళ్తున్నాడు. నడిపింది అతనేనని, వానలో బండి జారిందని మాకు తెలిసిన సంగతి అంతే. అప్పట్నుంచీ వినుత ఇటు రాలేదు.

సాయంత్రం మా అబ్బాయి యోగీశ్ పణంబూరు రేవులో డ్యూటీ దిగి వచ్చాక ఈ మాట చెప్పాను. వాడు దసరాకే కొత్త కారు కొన్నాడు. మంగళూరులో కులశేఖర చర్చి వెనక వాలులో మా ఇల్లు. రోడ్డు మీంచి యాభై రెండు మెట్లు దిగాలి. అందుకని కారు పైన రోడ్డు పక్కన పట్టా కప్పుకుని ఉంటుంది, వాడు రోజుకి మూడుసార్లు పైకెక్కి చూసొస్తాడు.

"అయితే నేను ఏడు సీట్ల బండి ఎందుకు కొన్నట్టు?" అన్నాడు.

"కొబ్బరికాయలు తేవడానికి," అన్నారు ఆయన.

"అది కాదు నాన్నా. పిల్ల భయం పోవాలంటే ఎక్కించి మెల్లగా తిప్పాలి. రెండు రౌండ్లు కొడితే అదే పోతుంది."

"నీకు ఈత అలాగే నేర్పాను కదరా, ఎత్తి నూతిలో పడేసి. ఇప్పటికీ సముద్రానికి వెళ్తే ఒడ్డునే నిలబడి చెప్పులు కాస్తావు."

వాడు అన్నం దగ్గర్నుంచి లేచిపోయాడు. చెడ్డవాడు కాదు. వదిన వస్తే ఊరంతా తిప్పాలని కారు కొన్నప్పట్నుంచీ ఎదురుచూస్తున్నాడు, అంతే.

మా ఆయన శేషప్ప కోటియన్ ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు కండక్టరు. రిటైరై ఆరేళ్ళయినా, పైన రోడ్డులో హారన్ మోగితే మంచం మీంచే ఏ బస్సో చెప్తారు. మేనకోడలు కారు వద్దందని మొదట మొహం ముడుచుకున్న మనిషే, ఆ రాత్రి పాత క్యాలెండరు కాగితం చింపి, తిరగేసి, నేల మీద పరుచుకుని స్కేలుతో గీతలు కొడుతుంటే ఆయన పెదవుల మీద చిన్న నవ్వు కనిపించింది. పిల్ల కష్టంలో ఉంటే ఈయన సంతోషిస్తున్నాడని ఎవరైనా చూస్తే అనుకుంటారు.

"ఊరంతా గుట్టలు," అన్నారు గీతలు కొడుతూ. "పిల్లాడికి ఐదేళ్ళు. కాబట్టి ఎక్కడం బస్సు పని, దిగడం కాళ్ళ పని. మన ఇంటి మెట్లు తప్ప ఎక్కడా పైకి నడవకూడదు. ముందు కద్రి గుట్ట. అక్కణ్ణుంచి దిగి, జ్యోతి సర్కిల్ దాకా బస్సు, బావుటగుడ్డ గుట్ట మీద చర్చి చూడాలి. మధ్యాహ్నం మూసేస్తారు, పదకొండుకి లోపలుండాలి. మెట్లు దిగితే హంపనకట్ట బజారు. అక్కడ భోజనం. తర్వాత సుల్తాన్ బత్తేరి రేవు, పడవలో ఏరు దాటి తణ్ణీర్‌బావి సముద్రం. చీకటి పడకముందే మళ్ళీ పడవెక్కి ఇవతల."

ఒక గడిలో బస్సు ఎక్కే చోటు, ఇంకో గడిలో దిగే చోటు. నీడ ఎక్కడుందో, పిల్లల్ని ఒకటికి తీసుకెళ్ళడానికి చోటెక్కడుందో, ఎవరికి ఎప్పుడు ఆకలేస్తుందో అన్నిటికీ గడులే.

"నా మోకాళ్ళకి కూడా ఒక గడి వెయ్యండి," అన్నాను.

"నీ మోకాళ్ళు రేపు నాతో వస్తున్నాయి. ఒకసారి నడిచి చూడకుండా లెక్క ఎలా తెలుస్తుంది?"

నిజంగానే తీసుకెళ్ళారు. బావుటగుడ్డ మెట్ల పైన నన్ను నిలబెట్టి, చేతి గడియారం చూసుకుంటూ దిగమన్నారు. నేను నాలుగు మెట్లు దిగానో లేదో ఆపేశారు.

"పెద్దదానిలా నడుస్తున్నావు. పిల్లాడిలా నడువు. మధ్యలో ఆగు. అదిగో, ఆ కుక్కని చూడు."

నేను ఆగి కుక్కని చూశాను. కుక్క నన్ను చూసింది. అటుగా వెళ్తున్న కాలేజీ పిల్లలు మా ఇద్దర్నీ చూశారు. ఆయన కాగితం మీద నాలుగు నిమిషాలు కలిపి రాసుకున్నారు.

సోమవారం పొద్దున్న రైలు దిగి, ఆయనతో పాటు బస్సులో వచ్చారు ముగ్గురూ. వినుత చిక్కిపోయింది కానీ నవ్వు అలాగే ఉంది. ఐదేళ్ళ కుశల్ అన్నీ ముట్టుకునే రకం. ధృతికి తొమ్మిదేళ్ళు, కళ్ళద్దాలు. తమ్ముడి నీళ్ళ సీసా, అమ్మ మందుల సంచీ రెండూ దాని భుజానే ఉన్నాయి. రోడ్డు మీద యోగీశ్ కారు పట్టా తీసి తుడుస్తున్నాడు. పిల్ల దాని చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"కొత్తదా బాబాయ్? ఈ రంగుని ఏమంటారు?"

"బూడిద రంగంటారు. కంపెనీవాళ్ళు వేరే పేరు పెట్టార్లే," అన్నాడు వాడు ముభావంగా.

"ధృతీ, ఇటు రా," అని మెట్ల మీంచి పిలిచింది వినుత. ఆ గొంతులో కంగారు విని, పిల్లని కారు దగ్గర ఎక్కువసేపు ఉండనివ్వకూడదని కాబోలు అనుకున్నాను.

మర్నాడు ఏడున్నరకి బయల్దేరాం. మొదటి బస్సులోనే లోకయ్య తగిలాడు. మా ఆయన దగ్గర పని నేర్చుకున్న కండక్టరు.

"ఏం శేషప్పన్నా, టికెట్టు తీసుకుంటావా, నన్ను దింపేసి నువ్వే కొడతావా?"

"నీ బస్సులో జనం వెనకే నిలబడి ఉన్నారు. ముందుకు పంపడం కూడా రాలేదా ఇంకా?"

"చెప్తే వినరన్నా."

ఆయన సీట్లోంచే వెనక్కి తిరిగి గొంతు సవరించుకున్నారు. "జరగండమ్మా, ముందుకు జరగండి. ముందున్నది కూడా మంగళూరే." బస్సంతా నవ్వుతూ జరిగింది. కుశల్ నోరు తెరుచుకుని తాతని చూశాడు. ఆ రోజంతా వాడు ఏ బస్సెక్కినా అదే అరిచాడు.

కద్రి గుట్ట మీద పొద్దుటి గాలి చల్లగా ఉంది. పైన జోగుల మఠం దాకా చూసి, కాగితంలో ఉన్నట్టే దిగుతూ వచ్చాం. చర్చికి పదిముప్పావుకి చేరాం. లోపల కప్పు మీద, గోడల మీద బొమ్మలు చూడ్డానికి కుశల్ బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఫాదరు వద్దంటాడేమోనని నేను లేపబోయాను. అక్కడ తుడుస్తున్న ఆమె, "ఉండనివ్వండి, అలా అయితేనే మెడ నొప్పెట్టదు" అంది.

బయట గోడ దగ్గర నిలబడి వినుత కిందికి చూసింది. ఓడరేవు, పెంకుటిళ్ళు, వాటి మధ్య కొబ్బరి తలలు, అవతల సముద్రం.

"ఈ పక్క కాలేజీలోనే అత్తయ్యా నేను మూడేళ్ళు చదివింది. సాయంత్రం గేటు దాటేసరికి మామయ్య బస్సు వచ్చేసేది. నేను పరిగెత్తుకుని వచ్చేదాకా విజిల్ వేసేవాడు కాదు. బస్సంతా నన్ను తిట్టేది."

"నిన్ను కాదు, నన్ను," అన్నారు ఆయన. "నువ్వెక్కాక మానేసేవాళ్ళు."

మెట్లు దిగి హంపనకట్టలో రోడ్డు దాటుతుంటే కార్లు అడ్డదిడ్డంగా వచ్చాయి. వినుత ధృతి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆగిపోయింది. పట్టు ఎంత గట్టిదంటే పిల్ల వేళ్ళు తెల్లబడ్డాయి. "నేనున్నాగా అమ్మా, పద" అంది ధృతి. ఎంత పెద్దరికమో అనుకుని నవ్వుకున్నాను. భోజనానికి కూర్చున్నాక బంగుడ చేపల పులిముంచి పులుసు, నీరు దోసె తింటూ ఆ సంగతి మర్చిపోయాను. పిల్లలు పొడుగాటి గ్లాసుల్లో పళ్ళూ ఐస్‌క్రీమూ కలిపిన గడ్‌బడ్ తిన్నారు. కాగితంలో దానికి ఇరవై నిమిషాలు. నలభై పట్టింది. అయినా ఆయన తొందరపెట్టలేదు. ఎక్కడో ముందే కలిపి రాసుకున్నారని తర్వాత తెలిసింది.

మూడున్నరకి పడవలో ఏరు దాటాం. తణ్ణీర్‌బావిలో సరుగుడు చెట్ల కింద దుప్పటి పరిచి నేను కాళ్ళు చాపుకున్నాను. మంగళవారం కావడంతో జనం పెద్దగా లేరు. వినుత చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, పిల్లలతో మోకాలిలోతు నీళ్ళలో నిలబడింది. అల వచ్చినప్పుడల్లా ముగ్గురూ వెనక్కి పరిగెత్తుతున్నారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అంతా టైముకే నడిచింది" అని నాతో రహస్యంగా అన్నారు.

ఐదింటికి రేవుకి తిరిగొచ్చేసరికి పడవ కట్టేసి ఉంది. పడమటి గాలి లేచింది. ఆటు వేళకి నీళ్ళు తీసి ఏట్లో ఇసుకమేట బయటపడింది.

"ఇవాళ్టికి ఇంక లేదన్నా," అన్నాడు పడవతను. "గాలి చూశావుగా. చిన్నపిల్లలు, నేను దాటించను."

"నేనైనా దాటించను," అని ఒప్పుకున్నారు ఆయన. జేబులోంచి కాగితం తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. దాన్లో ఈ గడి లేదు. కాసేపు ఆలోచించి, "ఫర్వాలేదు. పణంబూరు వైపు రెండు కిలోమీటర్లు నడిస్తే ఒక కంపెనీ ఉంది, అక్కడ షిఫ్టు వదిలే వేళకి ఆరుంబావుకి బస్సు ఒకటుంటుంది. దాన్ని పట్టుకుందాం" అన్నారు.

నడక మొదలుపెట్టాం. పావుగంట అయిందో లేదో, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో దూకుతూ వస్తున్న కుశల్ గట్టిగా అరిచి కూలబడ్డాడు. అరికాల్లో ఆలిచిప్ప దిగింది. నెత్తురు చూసి వాడింకా ఏడ్చాడు. ధృతి వెంటనే నీళ్ళ సీసా మూత తీసింది. కాలు కడిగి నా తువ్వాలు చింపి కట్టాం. ఆయన వాణ్ణి ఎత్తుకుని నడిచారు. నూరడుగులు, నూట యాభై. తర్వాత ఆగిపోయి, ఏదో చూస్తున్నట్టు సముద్రం వైపు తిరిగారు. అరవై నాలుగేళ్ళ మనిషి. ఊపిరి అందడం లేదని చెప్పలేరు. వినుత అందుకుంది, తనూ కొంచెం దూరమే మొయ్యగలిగింది. ఆ దారిలో ఆటో అన్నది కనిపించలేదు.

నేను ఎవర్నీ అడక్కుండా యోగీశ్‌కి ఫోన్ చేశాను. వాడి ఆఫీసు అక్కడికి దగ్గరే. విషయం విని, "ఇరవై నిమిషాలు" అని మాత్రం అన్నాడు. ఎత్తిపొడుపు ఒక్కటీ లేదు.

"ఎందుకు చేశావు?" అన్నారు ఆయన చిన్న గొంతుతో. "పిల్ల సంగతి తెలుసుగా."

"పిల్లాడి కాలి సంగతీ తెలుసు."

బూడిద రంగు కారు దుమ్ము రేపకుండా మెల్లగా వచ్చి మాకు కాస్త దూరంలోనే ఆగింది. యోగీశ్ దిగి, భయపెట్టకూడదని కాబోలు, అక్కడే నిలబడ్డాడు. మా ఆయన ధృతి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"చూడు తల్లీ, నువ్వు ఎక్కక్కర్లేదు. తమ్ముడూ అమ్మా వెళ్తారు. నువ్వు, నేను, అవ్వ నడిచి బస్సుకి పోదాం. సరేనా? ఎవరూ నిన్ను బలవంతపెట్టరు."

ధృతి ఆయన్ని ఓ క్షణం చూసింది. తర్వాత నడిచి వెళ్ళి, కారు వెనక తలుపు తానే తీసుకుని, ఎక్కి లోపలికి జరిగి కూర్చుంది.

"తమ్ముడి కాలు నా ఒళ్ళో పెట్టండి తాతా. కిందికి వేలాడితే నెత్తురు ఎక్కువ కారుతుంది."

ఆయన అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయారు. యోగీశ్ కుశల్‌ని ఎత్తి సీట్లో పడుకోబెట్టాడు. ధృతి తమ్ముడి కాలు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి తల్లిని చూసింది.

"అమ్మా, ఇప్పుడు చెప్పెయ్యొచ్చా?"

వినుత రోడ్డు అంచున నిలబడి ఉంది. నేను అప్పటిదాకా పిల్లనే చూస్తున్నాను, తల్లిని చూడలేదు. పైపెదవి మీద చెమట పట్టింది. రెండు చేతులూ పొట్ట దగ్గర కొంగుని మెలిపెడుతున్నాయి. తలుపు తెరిచి ఉన్న కారుకేసి చూస్తున్న దాని చూపు ఎలా ఉందంటే, అప్పుడు నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వినుత తల ఊపింది.

"నాకు భయం లేదు తాతా," అంది ధృతి. "అమ్మకి. పెద్దవాళ్ళకి భయమంటే అందరూ నవ్వుతారు కదా, అందుకని నాకని చెప్పుకుంటాం."

"వదినా, నేను ఇరవైలోనే నడుపుతాను, నువ్వు కళ్ళు మూసుకుని..." అని యోగీశ్ మొదలుపెట్టాడు. నేను వాడికేసి చూశాను. ఆపేశాడు.

"మీరెక్కండి," అన్నాను మా ఆయనతో. "పిల్లల దగ్గర పెద్దవాళ్ళొకరు ఉండాలి. దారిలో డాక్టరుకి చూపించండి. నేనూ వినుతా బస్సులో వస్తాం."

"నీ మోకాళ్ళో?"

"వాటిని పరీక్షకి తీసుకెళ్ళారుగా. పాసయ్యాయి."

కొడుకు కారు కొని ఇన్నాళ్ళయినా ఒక్కసారీ ఎక్కని మనిషి, సంచీ రెండు చేతులా కావలించుకుని ముందు సీట్లో కూర్చున్నారు. కారు మలుపు తిరిగేదాకా ధృతి చెయ్యి ఊపుతూనే ఉంది.

మేమిద్దరం నడిచాం. ఎడమవైపు చెట్ల సందుల్లోంచి సముద్రం కనిపిస్తోంది. 

"ఆ రోజు నడిపింది నేనే అత్తయ్యా," అంది వినుత కొంతదూరం వెళ్ళాక.

నేను నడుస్తూనే ఉన్నాను.

"ఆయనకి ముందురోజు రాత్రి డ్యూటీ. నిద్ర కళ్ళతో నడపొద్దని నేనే తాళాలు లాక్కున్నాను. వాన. ఎవరో స్కూటరు మీద అడ్డం వచ్చాడు. వాణ్ణి తప్పించబోయి తిప్పేశాను. వాడికేం కాలేదు. బండి గిర్రున తిరిగి ఆయన పక్కే డివైడరుకి కొట్టుకుంది. ఆస్పత్రిలో వాళ్ళన్నయ్య వచ్చి ఎవరు నడిపారని అడిగితే, నేను నోరు తెరిచేలోపు ఆయన 'నేనే' అన్నారు. అంత నొప్పిలో. ఆ తర్వాత ఆ మాట మేమెప్పుడూ ఎత్తలేదు. ఆయన ఎత్తరు. నాకు ఎత్తాలంటే నోరు రాదు."

"మరి పిల్ల?"

"రెండు నెలల తర్వాత పక్కింటాయన వాన పడుతోందని కారులో దింపుతానన్నాడు. తలుపు తీశాడు. నా కాళ్ళు కదల్లేదు. ఆయన ఏమైందమ్మా, ఏమైందమ్మా అంటున్నాడు. ఇది నా మొహం చూసి, 'అంకుల్, నాకు కారంటే భయం, నేనెక్కను' అంది. ఏడేళ్ళ పిల్ల అత్తయ్యా. నాకోసం అప్పటికప్పుడు అబద్ధమాడింది. నేను ఆ రాత్రే దాన్ని కూర్చోబెట్టి వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. హాయిగా అనిపించింది. అప్పట్నుంచీ ఎవరడిగినా అదే చెప్తూ వచ్చాను. స్కూలు పిక్నిక్‌కి కారులో వెళ్తుంటే దాన్ని మాన్పించాను. దాని స్నేహితులు పిరికిదని ఏడిపిస్తారు. ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు అది."

అప్పుడు ఏడ్చింది. నేను మైలురాయి మీద కూర్చుని, పక్కన చోటు చూపించాను. కూర్చుంది. నాకు పెద్ద పెద్ద మాటలు రావు. కాళ్ళు ఒత్తుకుంటూ తోచింది చెప్పాను.

"భయం తప్పేం కాదే. నాకు బావి అంచు చూస్తే ఇప్పటికీ కళ్ళు తిరుగుతాయి. కానీ నా భయాన్ని యోగీశ్ తలమీద పెట్టి ఊరేగించలేదు."

అది తలెత్తి చూసింది. మాట కాస్త కటువుగానే పడిందని నాకూ తెలిసింది. వెనక్కి తీసుకోలేదు.

"ఇవాళ పిల్ల దింపేసుకుంది. ఇంక దానికి మళ్ళీ ఎత్తకు. నీది నువ్వు మొయ్యి. ఎన్నాళ్ళు మొయ్యాలంటే అన్నాళ్ళు. బస్సులున్నాయి, రైళ్ళున్నాయి, ఎవరు తొందరపెట్టారు?"

బస్సు ఆరుంబావుకి కాదు, ఆరున్నరకి వచ్చింది. నిండా డ్యూటీ దిగిన కంపెనీ వాళ్ళు. మా వాలకం చూసి ఇద్దరు కుర్రాళ్ళు లేచి చోటిచ్చారు. వినుత కిటికీ పక్కన కూర్చుని నా భుజం మీద తల పెట్టుకుంది. రెండు స్టాపులు దాటేసరికి నిద్రపోయింది. ఇన్నాళ్ళూ నిద్రలేనట్టు నోరు కొంచెం తెరుచుకుని మరీ నిద్రపోయింది.

మెట్లు దిగేసరికి ఇంట్లో దీపాలు వెలుగుతున్నాయి. కుశల్ కాలికి తెల్ల కట్టు, చేతిలో బన్ను. మా ఆయన యోగీశ్‌కి డ్రైవింగ్ పాఠం చెప్తున్నారు.

"బండి బాగానే ఉంది. కానీ మనుషులు ఎక్కరు, దిగరు. ఒకడే కూర్చుని ఒకడే నడుపుకోవడం. ఏం తోస్తుందిరా నీకు?"

"నువ్వు దారంతా మాట్లాడుతూనే ఉన్నావు కదా నాన్నా, నాకెందుకు తోచదు?"

వినుత చెప్పులు విప్పి నేరుగా ధృతి దగ్గరికి వెళ్ళి, నేల మీద దాని ఎదురుగా కూర్చుంది. అందరి ముందూ ఒక్కొక్క మాటా చెప్పింది.

"ఆ రోజు కారు నడిపింది అమ్మ. భయం అమ్మది. ధృతిది కాదు. ఇంకెప్పుడూ ధృతికని చెప్పను. ఎవరడిగినా నాకే అని చెప్తాను. తప్పయిపోయింది తల్లీ."

ధృతి కళ్ళద్దాలు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. "స్కూల్లో కూడా చెప్తావా?"

"చెప్తాను."

"పిక్నిక్‌కి వెళ్ళొచ్చా?"

"వెళ్ళొచ్చు."

యోగీశ్ గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. "పట్టా కప్పి వస్తా" అని పైకి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు.  మా ఆయన మేనకోడలి తలమీద ఒకసారి చెయ్యి వేసి తీసేశారు. తర్వాత లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్ళి ఇంకో కాగితం చింపారు.

"రేపటికి దారి మార్చాలి. భయం ఎవరిదైతేనేం, కాలు దెబ్బ వీడిది. నడక తగ్గించాలి."

మిగిలిన మూడు రోజులూ రెండు జట్లుగా తిరిగాం. పిల్లలు యోగీశ్‌తో కారులో, మేము ముగ్గురం బస్సులో. ఎవరు ముందు చేరతారని పందెం. కుద్రోళి గుడికి మేమే ముందు చేరాం. కారు పెట్టుకోవడానికి చోటు దొరక్క వాళ్ళు అరగంట తిరిగారు. పిలికుళ పార్కుకి వాళ్ళు గెలిచారు.

వెళ్ళే రోజు పొద్దున్న నేను కొబ్బరాకుల కోసం మెట్లెక్కితే, రోడ్డు పక్కన కారు తలుపు తెరిచి ఉంది. వినుత వెనక సీటు అంచున కూర్చుని ఉంది, పాదాలు బయట నేల మీదే. యోగీశ్ పది గజాల దూరంలో అటు తిరిగి నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. దాన్ని పలకరించకుండా దిగిపోయాను. తర్వాత స్టేషనుకి అది మాతోనే, బస్సులోనే వచ్చింది. సామాన్లూ పిల్లలూ కారులో వెళ్ళారు.

బొంబాయి వెళ్ళాక నితేశ్‌తో మాట్లాడిందట. అతను కర్ర పక్కన పెట్టి, "ఆస్పత్రిలో నిన్ను కాపాడాననుకున్నాను, నోరు కట్టేశానని తెలియదు" అన్నాడట. ఫోన్లో ఆ మాట చెప్పేటప్పుడు దాని గొంతు తేలిగ్గా ఉంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం ధృతి ఫోన్ చేసింది.

"అవ్వా, అమ్మ ఇవాళ నాన్న ఫ్రెండు కారులో నా స్కూలు దాకా వచ్చింది. వెనక సీట్లో. నా చెయ్యి నలిపేసింది కానీ, మధ్యలో దిగిపోలేదు. ఇంటికి మాత్రం బస్సులో వెళ్ళిపోయింది."

ఫోన్ పెట్టేసి మా ఆయనకి చెప్పాను. ఆయన పేపరు దించారు.

"ఏ నంబరు బస్సో అడిగావా?" అన్నారు.